వలయం లేని లెన్సు

వికారాబాదు, తాండూరు వంటి పట్టణాలలో ఒకప్పుడు పెండ్లి చిత్రాలకు, బడిపిల్లల సామూహిక చిత్రాలకు ఉపయోగపడిన ఫిలిము కెమెరాలు ఈనాడు బీరువాలలో పడి ఉన్నవి. అటువంటిది విద్యార్థి చేతికి వస్తే మొదట తోచే ఊహ ఒకటే: ఇంటిలోని డిజిటల్ కెమెరా లెన్సును దీనికి తగిలిస్తే చాలదా అని. తగులుకొంటుంది కూడా. నికాన్ సంస్థ 1959లో తన ఎఫ్ కెమెరాకు పెట్టిన బిగింపునే డిజిటల్ కెమెరాలలోనూ కొనసాగించింది. అది మెచ్చుకోదగినదే. చిక్కంతా ఆ తరువాతనే.

పాత లెన్సు చుట్టూ 2.8, 4, 5.6, 8 అని అంకెలు గల వలయం ఒకటి ఉండేది. లోపలి రంధ్రం ఎంత తెరవాలో దానిని త్రిప్పి నిర్ణయించేవారు. 2000 ప్రాంతం నుంచి వచ్చిన జి రకం లెన్సులలో ఆ వలయం లేదు. ఆ పని కెమెరాయే చేస్తుందని తయారీదారుల వాదం. 2004 నాటి ఎఫ్6 విషయంలో అది నిజమే. 1982 నాటి ఎఫ్ఎం2కు మాత్రం ఆ నేర్పు లేదు. దానిపై జి లెన్సు రంధ్రం ప్రతిసారీ మిక్కిలి చిన్నదిగా, 22 వద్దనో ఆ చేరువనో, ముడుచుకొంటుంది.

తాండూరు నాపరాతి గనుల మీది మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది అంత బాధించదు. 400 వేగం గల ఫిలిముతో సెకనులో 250వ వంతు ఇంచుమించు సరిపోతుంది. వికారాబాదు చెంతనున్న అనంతగిరి చెట్ల నీడలో 15వ వంతో, 8వ వంతో కావాలి. చేయి వణికి బొమ్మ చెదురుతుంది. ఇటీవలి ఇ రకం లెన్సుల కథ దీనికి తలక్రిందులు. వాటి రంధ్రం విద్యుత్తుతోనే ముడుచుకొంటుంది గనుక పాత కెమెరాపై పూర్తిగా తెరచుకొనే ఉంటుంది. 2.8 వద్ద తాండూరు ఎండకు 12,800వ వంతు కావాలి. ఎఫ్ఎం2 4,000వ వంతుతో ఆగిపోతుంది. ఒకటి కొండ మీద పనికిరాదు, మరొకటి గనిలో పనికిరాదు! చిన్న ఫలకానికై చేసిన డిఎక్స్ లెన్సులు తరచు ఫిలిము మూలలను నల్లగా వదలివేస్తవి. అద్దం లేని కెమెరాల జెడ్ లెన్సుల మాట తలపెట్టనక్కరలేదు. అవి 16 మి.మీ. దూరానికి చేసినవి, పాత కెమెరాలో ఆ దూరం 46.5 మి.మీ.

వలయంతోపాటు ఒక పాఠం కూడా పోయింది. ఒక్కొక్క మెట్టుకు వెలుగు సగమవుతుందని పుస్తకంలో చదివి మరచే పిల్లవాడు వేలితో త్రిప్పితే మరచిపోడు. లెన్సును విడదీసి కిటికీ వైపు పట్టి వలయం త్రిప్పితే రేకులు ముడుచుకోవడం కంటికే కనిపిస్తుంది. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయునికి ఇది చేతికందిన పరికరం.

ఒకే లెన్సు కొనగల పాఠశాల వలయమున్న డి రకం కొనడమే న్యాయం. కొన్ని చవక డిజిటల్ కెమెరాలపై స్పష్టతను చేతితో సరిచేసుకోవలసి వచ్చినా, అది రెండు కాలాల కెమెరాలకూ పనికివస్తుంది. అంతవరకు, కెమెరాతోపాటు వచ్చిన పాత లెన్సును బూజు పట్టినదని పాత సామానులవానికి ఇవ్వక, ముందు శుభ్రం చేయించి చూడవలసి ఉంటుంది.