శాతం కాదు, ముందు కోటా చూపించండి

ట్రైన్ టికెట్ యాప్‌లు ఇప్పుడు వెయిటింగ్ లిస్ట్ పక్కన కన్ఫర్మ్ అయ్యే ఛాన్స్ ఎంత శాతమో చూపిస్తున్నాయి. పచ్చగా కనిపిస్తే పేమెంట్ కొట్టేస్తాం, ఎర్రగా ఉంటే బస్సు వెతుక్కుంటాం. ఐఆర్‌సీటీసీ కూడా 2018లోనే తన సైట్‌లో ఈ ప్రిడిక్షన్ పెట్టింది. నా కంప్లయింట్ ఒక్కటే: నంబర్ ఇస్తారు, కారణం చెప్పరు.

కారణం చాలాసార్లు స్క్రీన్ మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. జీఎన్‌డబ్ల్యూఎల్ అంటే బండి మొదలయ్యే స్టేషన్ నుంచో, ఆ దగ్గర్లోంచో వెళ్లేవాళ్ల జనరల్ లిస్ట్. బెర్తులు ఎక్కువ ఈ కోటాలోనే, క్యాన్సిలేషన్లు కూడా ఇక్కడే ఎక్కువ. ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ దారిలో ఉండే కొన్ని ముఖ్యమైన స్టేషన్లది. పీక్యూడబ్ల్యూఎల్ అయితే చాలా చిన్న స్టేషన్లు కలిసి పంచుకునే కొద్దిపాటి కోటా. అందుకే జీఎన్‌డబ్ల్యూఎల్ 40 కన్ఫర్మ్ అయి, పీక్యూడబ్ల్యూఎల్ 8 అలాగే మిగిలిపోవచ్చు.

ఇంకో క్లూ కూడా ఉంది. 'జీఎన్‌డబ్ల్యూఎల్ 45/డబ్ల్యూఎల్ 12' అని ఉంటే 45 అప్పటిదాకా లిస్ట్ పెరిగిన నంబర్, 12 ఇప్పుడున్న క్యూ. అంటే ముందున్న 33 మంది ఇప్పటికే కదిలారు. రెండు నంబర్లూ దగ్గరగా ఉన్నాయంటే లిస్ట్ పెద్దగా కదల్లేదన్నమాట. (ఇది యాప్ చెప్పే శాతం కన్నా నాకు ఎక్కువ నమ్మకం.)

ఈ గొడవంతా మన పాలమూరు వైపు వాళ్లకే ఎక్కువ. గద్వాల, వనపర్తి రోడ్ రెండూ కాచిగూడ–కర్నూలు లైన్‌లో మధ్య స్టేషన్లు. తిరుపతికి వెళ్లే వెంకటాద్రి లాంటి బండి మొదలయ్యేది కాచిగూడలో. గద్వాల నుంచి చూస్తే చిన్న కోటా వెయిటింగ్ వస్తోందా? అదే బండిని కాచిగూడ నుంచి చూడండి. అక్కడ జీఎన్‌డబ్ల్యూఎల్ గానీ, బెర్తే గానీ దొరికితే కాచిగూడ నుంచి బుక్ చేసి, బోర్డింగ్ పాయింట్ గద్వాల పెట్టుకోవచ్చు. ఛార్జీ కొంచెం ఎక్కువవుతుంది. తర్వాత కాచిగూడలో ఎక్కుతానంటే మాత్రం కుదరదు.

నాగర్‌కర్నూల్‌కైతే రైల్వే స్టేషనే లేదు. వనపర్తి రోడ్ స్టేషన్ కూడా వనపర్తిలో లేదు, మదనాపురంలో ఉంది. బ్యాగు సర్దుకుని బస్సెక్కి స్టేషన్‌కు వెళ్లాక టికెట్ కన్ఫర్మ్ కాలేదని తెలిస్తే ఆ రాత్రి ఎక్కడికి పోవాలి? చార్ట్ అయ్యేసరికి ఈ-టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే టికెట్ దానంతటదే క్యాన్సిల్ అవుతుంది, బండి ఎక్కడానికి లేదు. మామూలుగా 4 గంటల ముందు వేసే చార్ట్‌ను 2025 జులైలో 8 గంటల ముందుకు మార్చారు. నా లెక్కలో ఇది ఏ ప్రిడిక్షన్ ఫీచర్ కన్నా పెద్ద అప్‌డేట్.

యాప్‌లలో శాతం తీసేయమనడం లేదు. దాని పైన కోటా పేరు, చార్ట్ టైమ్ పెద్దగా చూపించండి చాలు. గద్వాల అని టైప్ చేయగానే 'కాచిగూడ నుంచి కూడా చూడండి' అని ఒక లైన్ రావడానికి ఏఐ అక్కర్లేదు, ఒక ఇఫ్ కండిషన్ సరిపోతుంది.