థైరాయిడ్ మాత్ర మానవచ్చునా?

థైరాయిడ్ లోపంతో బాధపడే సోదరీమణులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "యాంటీఆక్సిడెంట్ క్యాప్సూళ్ళు వాడుతున్నాము, ఇక థైరాయిడ్ మాత్ర మానవచ్చునా?" మానకూడదన్నదే మా సమాధానం. అందుకు గల కారణాన్ని ఈ నెల వివరింపదలచాము.

దేహంలోని కణాలు ప్రాణవాయువు సాయంతో ఆహారాన్ని దహించి శక్తిని పొందుతాయి. పొయ్యిలో కట్టె మండినపుడు పొగ పుట్టినట్లే, ఈ దహనంలో సూపరాక్సైడ్ వంటి హానికర పదార్థాలు పుడతాయి. అవి మితిమీరితే కణపు పొరలను, జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. వాటిని అణచివేసే ఎంజైములు కణంలోనే ఉన్నాయి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కేటలేజ్, గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ అనే మరి రెండు దానిని నీరుగా మార్చి హానిని తొలగిస్తాయి. మొదటిదాని పనిని 1969లో అమెరికా శాస్త్రజ్ఞులు మెకార్డ్, ఫ్రిడోవిచ్ వెల్లడించారు. ఈ ఎంజైములకు రాగి, జింకు, మాంగనీసు, ఇనుము, సెలీనియం వంటి ఖనిజాలు స్వల్ప పరిమాణంలో అవసరం.

కణాలలోని దహనవేగాన్ని నిర్ణయించేవాటిలో థైరాయిడ్ హార్మోను ముఖ్యమైనది. హార్మోను అధికమైతే మంటతో పాటు పొగా పెరుగుతుంది. హార్మోను తగ్గినవారి రక్తంలో సైతం ఇటువంటి హాని గుర్తులను పరిశోధకులు గమనించారు. అయితే ఎంజైముల చురుకుదనం విషయంలో ఫలితాలు ఒకే తీరుగా లేవు. కొన్ని అధ్యయనాలలో అది పెరిగినట్లు, మరికొన్నింటిలో తగ్గినట్లు తేలింది. చికిత్సతో హార్మోను సమస్థితికి చేరినపుడు ఈ హాని గుర్తులు తగ్గినట్లు పలు అధ్యయనాలు తెలిపాయి. కనుక మొదట సరిచేయవలసినది మంటను. మంటను వదిలి పొగను మాత్రమే తరిమితే ప్రయోజనం స్వల్పం.

క్యాప్సూళ్ళు ఎవరికీ పనికిరావని మేము అనడం లేదు. గ్రేవ్స్ వ్యాధివల్ల కళ్ళు స్వల్పంగా దెబ్బతిన్నవారికి 6 నెలలపాటు సెలీనియం ఇవ్వగా మేలు కలిగినట్లు 2011లో ఐరోపా వైద్యులు ప్రకటించారు. కాని అది నిర్ణీత రోగులకు, నిర్ణీత మోతాదులో జరిగిన చికిత్స. సెలీనియం మితిమీరితే జుట్టు రాలుతుంది, గోళ్ళు పెళుసుబారుతాయి. ఫిన్లాండులో పొగత్రాగేవారికి బీటా కెరోటిన్ ఇచ్చి చూడగా ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగినట్లు 1994లో వెల్లడైంది. యాంటీఆక్సిడెంట్ అన్న పేరున్నంత మాత్రాన ఏ క్యాప్సూలూ నిరపాయకరం కాజాలదు.

థైరాయిడ్ లోపానికి మాత్ర వాడేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుండి గంట వరకు టీ గాని, ఆహారం గాని తీసుకోరాదు. ఇనుము, కాల్షియం మాత్రలు దీనిని ఒంటపట్టనీయవు. వాటికి 4 గంటల ఎడం ఉండాలి. జుట్టు కోసం వాడే క్యాప్సూళ్ళలోని బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు; అటువంటివి వాడుతుంటే రక్తం ఇచ్చేముందే వైద్యునికి తెలుపాలి. గర్భిణులు ఈ మాత్రను సొంతంగా మానితే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు ముప్పు. గర్భం నిలిచిందని తెలియగానే వైద్యుని కలవాలి, మోతాదు పెంచవలసి రావచ్చు. రంజాన్‌లో మాత్ర వేళ మారుతుంది. సహరీకి ముందు వేసుకోవాలా, ఇఫ్తార్ ముగిసిన కొన్ని గంటలకు పడుకునేముందు వేసుకోవాలా అన్నది నెల మొదలు కాకముందే వైద్యుని అడిగి నిశ్చయించుకోవాలి.

ఎంజైములకు కావలసిన ఖనిజాలు గుడ్లు, చేపలు, పప్పుదినుసులు, ఆకుకూరలలో లభిస్తాయి. ఖరీదైన సీసాలకు వెచ్చించే డబ్బుతో వాటిని కొనడం మేలు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి చివరకు తాను తినే ఇల్లాలు తన మాత్రను మరచిపోవడం మనం ఎరిగినదే. ఆమెకు వేళకు గుర్తుచేసే బాధ్యతను భర్త గాని, పిల్లలు గాని తీసుకోవాలి.