తీగ తీసేస్తే హింస పోయినట్టేనా?

తలకు తీగ లేని ఎలుక బోనులో హాయిగా తిరుగుతోంది కనుక మెదడు ప్రయోగాల్లో ఇక హింస లేదని వాదించేవారున్నారు. ఈ వాదనను మనం ఒప్పుకోకూడదు.

ఏకకణ నాచులో వెలుగును పసిగట్టే ప్రోటీన్ ఒకటి ఉంది. దాని జన్యువును వైరస్ ద్వారా ఎలుక మెదడు కణాల్లోకి ఎక్కిస్తారు. ఆపైన నీలి వెలుగు పడగానే ఆ కణాలు పనిచేస్తాయి. ఇదే ఆప్టోజెనెటిక్స్. 2005లో బాయ్డెన్, డైసెరోత్ బృందం దీన్ని గాజుపాత్రలో పెంచిన నాడీకణాలపై చూపింది. తర్వాత బతికున్న ఎలుకల తలలోకి ఫైబర్ తీగతో వెలుగు పంపారు. తీగలు చిక్కుపడేవి, నాలుగు ఎలుకలను కలిపి ఉంచడం కష్టమయ్యేది. 2021లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం బ్యాటరీ అక్కర్లేని పలుచని పరికరాన్ని చర్మం కింద, పుర్రె మీద అమర్చింది. సన్నని ఎల్‌ఈడీ మొన మెదడులోకి దిగుతుంది. రెండు ఎలుకల మెదళ్లను ఒకే లయలో వెలిగిస్తే అవి దగ్గరయ్యాయి, లయ తప్పిస్తే దూరమయ్యాయి. చెలిమికి కూడా స్విచ్చు వచ్చింది!

తీగ పోవడం ఎలుకకు మేలే. కానీ తీగ ఉంటే ఎలుక సహజంగా మెలగదు, ఫలితం చెడుతుంది. దాన్ని తీసేయడానికి అదీ కారణమే. పుర్రెకు రంధ్రం తప్పలేదు. వైరస్ సూది తప్పలేదు. మొన ఎక్కడ దిగిందో చూడటానికి చివర చంపి మెదడును కోయడమూ సాధారణమే. రస్సెల్, బర్చ్ 1959లో మూడు మాటలు చెప్పారు: జంతువుకు బదులు వెతకండి, సంఖ్య తగ్గించండి, బాధ తగ్గించండి. వైర్‌లెస్ మూడో మాటను కొంత పాటించింది, అంతే.

మనం విజ్ఞానానికి శత్రువులం కాము. చీమలకు చక్కెర చల్లి మనిషిని ఊరి బయట ఉంచిన అహింస మనకు వద్దు. 2021లోనే ఈ పద్ధతితో చూపు పోయిన ఒక వ్యక్తికి కొంత చూపు తిరిగొచ్చింది; దాని వెనుకా జంతువులున్నాయి. బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో చంపవలసిన అవసరాన్నీ, చంపాలన్న కోరికనూ వేరు చేసి చూపారు. ప్రతి ప్రయోగాన్నీ ఆ గీత దగ్గర నిలబెట్టాలి. ఈ ఎలుక ఎందుకు? గాజుపాత్రలోని కణాలతో తేలదా? ఎన్ని చాలు?

మన దేశంలో జంతువులపై ప్రయోగాలు చేసే సంస్థల్లో నైతిక కమిటీ ఉండాలి. అందులో శాస్త్రవేత్త కాని, సామాజిక స్పృహ గల సభ్యుడికి ఒక కుర్చీ కేటాయించారు. ఆ కుర్చీలో మనవాళ్లు ఎందరు కూర్చున్నారు? కూర్చున్నవాళ్లు ఈ ప్రశ్నలు అడిగి సంతకం పెడుతున్నారా, టీ తాగి పెడుతున్నారా?