సీటిచ్చారు, చోటివ్వలేదు

2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఒక లెక్క చెప్పింది. అంతకుముందు అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి చదువు మధ్యలో మానేసిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. వారిలో 9,642 మంది కేంద్రీయ విశ్వవిద్యాలయాల వారే. కారణమేమిటంటే, ఉన్నత విద్యలో అవకాశాలు ఎన్నో ఉంటాయనీ, విద్యార్థులు ఒక కోర్సు నుంచి మరో కోర్సుకు, ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారుతుంటారనీ సర్కారు సెలవిచ్చింది. కొందరు అలా మారి ఉంటారు, కాదనలేం. కానీ ఊరంతా చెప్పుకొనే ర్యాంకు తెచ్చుకుని, ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపితే హాస్టల్లో చేరిన పిల్లవాడు రెండో సెమిస్టర్‌లోనే టీసీ పట్టుకుని బస్సెక్కితే దాన్ని మార్పు అనరు. వెళ్లగొట్టడమంటారు. ఎవరూ మెడపట్టి గెంటలేదు కాబట్టి ఏ రికార్డుల్లోనూ అలా నమోదు కాదు, అంతే.

తనది కాదనిపించిన చోట ఎవరికీ చదువు ఎక్కదు. ఆ చోటును విద్యార్థిది చేయాల్సిన బాధ్యత పూర్తిగా విశ్వవిద్యాలయానిది. ఇందులో సగం భారాన్ని విద్యార్థి మనోధైర్యం మీదికి నెట్టే వాదనను మేము అంగీకరించం.

ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. మొదటి ఏడాది విద్యార్థుల చేత సీనియర్ల అనుభవాలు చదివించారు. ఇక్కడ ఇమడగలనా అన్న బెంగ తొలి రోజుల్లో అందరికీ ఉంటుందని, క్రమంగా పోతుందని వాటి సారాంశం. దానిపై విద్యార్థులు తమ మాటల్లో ఒక వ్యాసం రాశారు. మొత్తం గంట పని. తర్వాతి మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగాయి. తెల్లజాతి విద్యార్థులతో వారికున్న అంతరం సగానికి తగ్గింది. తెలివి అదే, సిలబస్ అదే. ఒక తక్కువ మార్కును, ఒక అధ్యాపకుడి విసురు మాటను ‘నేనిక్కడికి తగను’ అనడానికి రుజువుగా తీసుకోవడం వాళ్లు మానుకున్నారు. ఆ బెంగకు ఖర్చవుతున్న శక్తి చదువుకు మళ్లింది.

ఇక్కడితో ఆగితే మన వైస్‌చాన్సలర్లు సంతోషిస్తారు. గంట ఓరియెంటేషన్, ఓ మోటివేషనల్ స్పీకర్, శాలువా, గ్రూప్ ఫొటోతో పని అయిపోతుంది. అయితే 2023లో ఇదే ప్రయోగాన్ని 22 విద్యాసంస్థల్లో దాదాపు 27 వేల మంది విద్యార్థులపై చేసినప్పుడు అసలు సంగతి తేలింది. ఆయా వర్గాల విద్యార్థులు కలిసిపోవడానికి నిజంగా వీలున్న క్యాంపస్‌లలోనే అది పనిచేసింది. ఆ వీలు లేనిచోట ఉత్త మాటలు ఫలించలేదు. తలుపు మూసి ఉంచి, ‘లోపలికి రా, ఇది నీ ఇల్లే’ అంటే ఎవరు నమ్ముతారు?

మన తలుపుల సంగతి చూద్దాం. ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్షపై విచారించిన థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికతో, దళిత, గిరిజన విద్యార్థులు వేధింపులు తట్టుకోలేక హాస్టల్లో కొన్ని అంతస్తులకే చేరిపోయారని బయటపడింది. 2015లో రూర్కీ ఐఐటీ మొదటి ఏడాదిలో గ్రేడ్లు తగ్గాయని 73 మందిని ఒక్కసారిగా తీసేసింది. వారిలో అత్యధికులు రిజర్వుడు వర్గాల వారు. గొడవ పెద్దదయ్యాక అదే సంస్థ వారికి మరో అవకాశం ఇచ్చింది. దేశంలోనే కఠినమైన ప్రవేశపరీక్ష నెగ్గిన 73 మంది ఏడాది తిరక్కుండా పనికిరానివారైపోతే, ఆ ఏడాది పాఠం చెప్పినవారిని ఏమీ అడగనక్కర్లేదా?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని దాటి ఈ విషయం మాట్లాడలేం. 2008లో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి సెంథిల్‌కుమార్‌ను కోల్పోయాం. ఆయనకు గైడునే కేటాయించలేదన్నది అప్పుడు వెల్లువెత్తిన ప్రధాన ఆరోపణ. 2016 జనవరిలో రోహిత్ వేముల, మరో నలుగురు పరిశోధకులు హాస్టల్ నుంచి బహిష్కృతులై క్యాంపస్‌లోనే ఆరుబయట శిబిరం వేసుకున్నారు. దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ బకాయి రావాలన్న మాట రోహిత్ మరణానికి ముందు రాసిన చివరి లేఖలోనే ఉంది. గైడు, హాస్టల్ గది, నెలనెలా అందాల్సిన ఫెలోషిప్ అన్నీ పాలనాపరమైన విషయాలే. విద్యార్థి ఇక్కడి మనిషో కాదో చెప్పేవి అవే.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో జబ్బు మరో రకం. తెలంగాణలో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. సెమిస్టర్‌కొకరు మారే గెస్ట్ ఫ్యాకల్టీకి విద్యార్థుల పేర్లు తెలిసేలోగా వాళ్ల కాంట్రాక్టే అయిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పిల్లలు ఇంటర్‌లో మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టే కార్పొరేట్ కాలేజీల నుంచి వస్తారు, లేదా తెలుగు మీడియం ప్రభుత్వ కాలేజీల నుంచి వస్తారు. మొదటివారికి ప్రశ్న అడిగే అలవాటు పోయి ఉంటుంది. రెండోవారికి ఇంగ్లిష్‌లో అడిగితే ఎవరు నవ్వుతారోనన్న జంకు. పాడేరు నుంచో ఉట్నూరు నుంచో వచ్చిన అమ్మాయి ల్యాబ్‌లో పరికరం పేరు తప్పు పలికి, పక్కవాళ్లు నవ్వితే, ఆ వారమంతా నోరు తెరవదు. నెలాఖరుకు క్లాసు మానేస్తుంది. ఆమెకు అర్థంకానిది సబ్జెక్టు కాదు. అయినా సెమిస్టర్ చివర బ్యాక్‌లాగ్ మాత్రం ఆమె పేరు మీదే పడుతుంది. పైగా, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తే, ప్రభుత్వ బకాయికి ఆమె పూచీకత్తు అవుతుంది.

2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు వారం రోజులు ఎండకూ వానకూ క్యాంపస్‌లో కూర్చున్నారు. పూర్తికాలపు వీసీ కావాలి, అధ్యాపకులు కావాలి, మెస్‌లో తినగలిగే తిండి కావాలి అన్నారు. క్రమశిక్షణ తప్పారని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. మేము దాన్ని మరోలా చూస్తాం. ఈ చోటు మాది అనుకున్నవాళ్లే దాని బాగు కోసం పట్టుపడతారు. అనుకోనివాళ్లు చప్పుడు లేకుండా వెళ్లిపోతారు. పాలకులు భయపడాల్సింది ఆ రెండోవారిని చూసి.

చట్టం లేదా అంటే ఉంది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల కేంద్రం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. అవి అమలు కావడం లేదని రోహిత్ తల్లి, ముంబయి వైద్యవిద్యార్థిని పాయల్ తడ్వీ తల్లి 2019లో సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని వేసింది. అదే ఏడాది జులైలో, విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన విద్యార్థిని కేసులో, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హుడైన కౌన్సెలర్‌ను నియమించాలంది. కౌన్సెలర్ కావాలి. అయితే గైడును ఇవ్వడం, మెస్ బిల్లుకు స్కాలర్‌షిప్ సమయానికి చేర్చడం, తరగతిలో ర్యాంకు అడిగి నలుగురిలో నవ్వులపాలు చేసే ప్రొఫెసర్‌ను ఆపడం కౌన్సెలర్ చేతిలో లేవు.

అందరికీ ఒకే కొలత ఉండాలి, ఓదార్పులతో ప్రమాణాలు పడిపోతాయి అన్న అభ్యంతరం ఎప్పుడూ ఉండేదే. పరీక్ష సులువు చేయమని మేము అడగడం లేదు. మొదటి ఏడాది తరగతులను గెస్ట్‌లకు వదిలేయక సీనియర్ ప్రొఫెసర్లు తీసుకోవాలంటున్నాం. క్లాసులు మొదలవకముందే ఇంగ్లిష్, గణితాల్లో బ్రిడ్జి కోర్సు నడపమంటున్నాం. ప్రతి కొత్త విద్యార్థిని పేరుతో ఎరిగిన అధ్యాపకుడు ఒక్కరైనా ఉండాలంటున్నాం. దీనితో దిగజారే ప్రమాణం ఏదో చెప్పండి.

ప్లేస్‌మెంట్ల లెక్కను హోర్డింగుల మీద వేయించుకునే విశ్వవిద్యాలయాలు, మొదటి ఏడాదిలో ఎందరు మానేశారో, ఏ విభాగంలో, ఏ కారణంతోనో వెబ్‌సైట్‌లో పెట్టడం లేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు రాబోయే విద్యాసంవత్సరం నుంచే దాన్ని తప్పనిసరి చేయాలి. ఆ లెక్క ఇవ్వని సంస్థకు బడ్జెట్ కేటాయింపు చర్చకు వచ్చినప్పుడు శాసనసభ్యులు లేచి అడగాలి: మీరు చేర్చుకున్న పిల్లలు ఎక్కడున్నారు?