ఎండ ఉంది కదా అంటే సరిపోదు

"మనకి ఎండకేటి కరువండీ, డ్రయ్యరు దండగ!" పలాస, టెక్కలి వైపు ఆసుపత్రికో, నర్సింగ్ హోముకో, లాడ్జికో బట్టలుతికే యంత్రాలు కొందామని నలుగురు కూర్చుంటే ముందుగా వినిపించే మాట ఇదే. అనేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు, నెలనెలా కరెంటు బిల్లు కట్టేవాళ్లే. కాకపోతే ఆ మాటను పట్టుకుని చేతిలో ఉన్న డబ్బంతా ఒక పెద్ద వాషింగ్ మిషన్ మీద పోస్తారు. ఎన్ని కిలోలదైతే అంత గొప్ప. ఆరబెట్టే సంగతి మేడ మీది తీగలకు వదిలేస్తారు. నేను దీన్ని ఒప్పుకోను. ఈ ఉద్దానం తీరంలో లాండ్రీ లెక్కను వెనక నుంచి వేయాలి. ఎలా ఆరబెడతామన్నది ముందు తేలాలి, ఎలా పిండుతామన్నది తర్వాత, ఎలా ఉతుకుతామన్నది ఆఖరున.

ఎండ సంగతే ముందు చూద్దాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అవి తగ్గాయనుకునేసరికి తుపాన్ల కాలం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తిత్లీ అయితే అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయి పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి వారంలో ఆసుపత్రికి జనం ఎక్కువవుతారు, మాసిన దుప్పట్లూ ఎక్కువవుతాయి. ఎండ ఒక్కటే ఉండదు. తుపాను లేని రోజున కూడా సముద్రపు గాలిలో తేమ తక్కువేం కాదు. పొద్దున తీగ మీద వేసిన మందపాటి దుప్పటి సాయంత్రానికి చేతికి చెమ్మగానే తగులుతుంది. దాన్నలాగే మడిచి బీరువాలో పెడితే నాలుగు రోజులకు ముక్కవాసన. తీగల మీద ఒక రోజు ఆలస్యమైతే వార్డులో మార్చడానికి దుప్పట్లు చాలవు. ఆ చాలనివాటి కోసం అదనంగా జతలు కొనడానికయ్యే ఖర్చును డ్రయ్యర్ వద్దనేవాళ్లు ఎప్పుడూ లెక్కలో వేయరు.

నిజానికి పలాస, కాశీబుగ్గ వాళ్లకు డ్రయ్యర్ కొత్త వస్తువు కాదు. జీడిగింజను కళ్లంలో ఆరబోస్తారు, నిజమే. గింజ కొట్టి పప్పు తీశాక మాత్రం ఏ యజమానీ దాన్ని మేడ మీద పరచడు. డ్రయ్యర్‌లో పెట్టి గంటల తరబడి వేడిగాలి పట్టించాకే పొర తీయడానికి పంపుతాడు. తేమ మిగిలితే పొర ఊడదు, మరీ ఆరితే పప్పు విరిగి గ్రేడు పడిపోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న లెక్కను ఆకాశానికి వదిలేసే వ్యాపారి ఈ ఊళ్లో కనిపించడు. అదే ఊళ్లో రోగి కప్పుకునే దుప్పటికి మాత్రం పిట్టగోడ చాలంటున్నాం.

ఎవరి దుప్పటి అన్నది కూడా చూడాలి. ఇది కిడ్నీ జబ్బుల నేల. డయాలసిస్ కుర్చీ మీద ఒకరు లేవగానే మరొకరు వస్తారు, షిఫ్టు షిఫ్టుకూ బట్ట మారాలి. వారానికి రెండు మూడుసార్లు చేతి నరంలో సూదులు గుచ్చించుకునే మనిషికి ఇన్ఫెక్షన్ అంటే ప్రాణం మీది మాట. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కలిపి 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి మొదలైంది. ఆ స్థాయి ఆసుపత్రి ఏదైనా సరే, పడకకు రోజుకు 3 కిలోల బట్ట వేసుకుంటే 600 కిలోలు. దీన్ని ఏ మేడ మీద ఆరవేస్తారు?

ఎండలో క్రిములు చస్తాయంటారు. అబద్ధమేం కాదు, ఇంటి పక్కబట్టలకు ఆ మాట చెల్లుతుంది. ఆసుపత్రి బట్టకు కావలసింది కొలిచి ఇచ్చే వేడి. 71 డిగ్రీల దగ్గర 3 నిమిషాలో, 65 దగ్గర 10 నిమిషాలో వేడి బట్ట లోపలిదాకా తగలాలని బ్రిటన్ ఆరోగ్య శాఖ నియమం. అమెరికా సీడీసీ 71 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు అంటుంది. మన చాకళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించి ఉబ్బ వేశారు, బట్టను ఆవిరి మీద ఉడికించారు. వాళ్ల పని పాతకాలపుదని తోసేసి, చన్నీళ్లతో తిరిగే మిషన్ కొని ఆధునికమైపోయాం అనుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. ఉతికిన తర్వాత మళ్లీ దుమ్ములో, కాకుల కింద, వీధికుక్కలు తిరిగే ఆవరణలో ఆరేస్తే ఆ కాస్త శుభ్రం కూడా మిగలదు.

ఇక కరెంటు. ఇదొక్కటే వాళ్ల వాదనలో బలమున్న భాగం, అందుకే దీని దగ్గర కొంచెం ఆగాలి. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి శాస్త్రం ప్రకారం 0.63 యూనిట్లు కావాలి. డ్రయ్యర్‌లో వృథా కలుపుకుంటే దాదాపు ఒక యూనిట్. కాబట్టి డ్రయ్యర్ బిల్లు నిజానికి వాషింగ్ మిషన్ దగ్గరే ఖరారవుతుంది. పిండే బలం 100 జీ (భూమ్యాకర్షణకు వంద రెట్లు) దగ్గర ఆగిపోయే మిషన్ నుంచి వచ్చిన నూలు బట్టలో దాని పొడి బరువులో 80 శాతం దాకా నీరుంటుంది. 350 జీతో పిండేది దాన్ని 50 శాతానికి తెస్తుంది. 60 కిలోల లోడులో ఈ తేడా 18 లీటర్లు, అంటే 18 యూనిట్లు. రోజుకు పది లోడులు డ్రయ్యర్‌లోనే ఆరబెడితే 180 యూనిట్లు. తక్కువ ధర టెండరని మెచ్చుకున్న మిషన్ ప్రతిరోజూ ఇంత తింటుంది. అయినా టెండరు కాగితంలో జీ అన్న అక్షరం కనిపించడం అరుదు, కిలోలే కనిపిస్తాయి. ఆ కిలోలకూ ఒక కిటుకు ఉంది. కిలో పొడి బట్టకు డ్రమ్ములో 10 లీటర్ల చోటుండాలన్నది పరిశ్రమ లెక్క. 9 లీటర్ల లెక్క వేసి అమ్మితే 540 లీటర్ల డ్రమ్ము కూడా 60 కిలోలదైపోతుంది. డ్రయ్యర్‌కు ఇంకా ఎక్కువ చోటు కావాలి, కిలోకు 20 నుంచి 25 లీటర్లు. కిలోలు అడగకండి, లీటర్లు అడగండి.

దుప్పట్లన్నీ డ్రయ్యర్‌లో వేయాలని నేననడం లేదు. బాగా పిండిన దుప్పటిని నేరుగా రోలర్ ఇస్త్రీ మిషన్‌కు పెడితే అక్కడే ఆరుతుంది, మడతకూ వస్తుంది. తువ్వాళ్లు, గౌన్లు, కంబళ్లు మాత్రం డ్రయ్యర్‌కు. 120 కిలోల మిషన్ ఒక్కటి కంటే 60 కిలోలవి రెండు మేలు. విశాఖ నుంచి మెకానిక్ వచ్చేదాకా సగం పనైనా సాగుతుంది.

బిగించడంలో చేసే పొరపాట్లు కొనడంలో చేసేవాటికంటే ఎక్కువ. స్ప్రింగుల మీద కూర్చునే మిషన్ గట్టి నేల ఉంటే చాలంటుంది. బోల్టులతో దిగేసేదానికి కాంక్రీటు పునాది కావాలి, లేకపోతే నేల పగుళ్లిస్తుంది. వాల్వు తెరుచుకోగానే వందల లీటర్లు ఒక్కసారి వదిలే యంత్రానికి బాత్రూం పైపు కలిపితే గదంతా చెరువే. డ్రయ్యర్ పొగగొట్టం పొట్టిగా, వంకరలు లేకుండా ఉండాలి. ఆ గదిలోకి బయటి గాలి వచ్చే దారీ ఉండాలి. గొట్టం మూతి సముద్రం వైపు తిప్పితే తుపాను వాన లోపలికే వస్తుంది, ఉప్పుగాలికి మామూలు రేకు తుప్పు పడుతుంది. నూలుపొడి రోజూ తీయకపోతే నిప్పంటుకుంటుంది, ఇందులో చర్చకు తావు లేదు. మాసినవి ఒక తలుపున వెళ్లి ఉతికినవి మరో తలుపున వచ్చే బారియర్ మిషన్ అయితే నడిమి గోడ ముందే కట్టాలి.

నీటి మాట చెప్పకుండా ఉద్దానంలో ఏ లెక్కా పూర్తి కాదు. హిరమండలం నుంచి వంశధార నీటిని రూ. 700 కోట్లతో తెచ్చుకున్న ప్రాంతమిది. కిలో బట్టకు 15 లీటర్లు అనుకున్నా 600 కిలోలకు 9,000 లీటర్లు. పక్కనే డయాలసిస్ యూనిట్ ఒక్కో నాలుగు గంటల సిట్టింగుకు 120 లీటర్ల దాకా శుద్ధమైన నీరు వాడుతుంది. దాన్ని తయారుచేసే ఆర్వో ప్లాంటు మరికొంత నీటిని కాలువలోకి వదిలేస్తుంది. ఆ వదిలే నీరు రోగిని తాకింది కాదు. సాధారణంగా కఠినత్వం తీసేశాకే ఆర్వోకు పంపుతారు కనుక సబ్బు బాగా నురుగునిస్తుంది. లవణాలు పరీక్షించి మొదటి ఉతుకుకు వాడుకోవచ్చు.

తుపానులో డ్రయ్యర్ ఎలా నడుస్తుందని అడుగుతారు. విద్యుత్తుతో వేడెక్కేది జనరేటర్ మీద నడవడం కష్టమే. గ్యాసుతోనో ఆవిరితోనో వేడెక్కేదానికి మోటార్లు తిప్పడానికి సరిపడా కరెంటు ఉంటే చాలు. ఆవిరి పని తెలిసిన మిస్త్రీల కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, పలాసలో జీడి బాయిలర్లు నడిపేవాళ్లు ఉన్నారు.

కొనుగోలు కమిటీల్లో కూర్చునే వారికి నా మనవి ఒక్కటే. డ్రయ్యర్, పిండే వేగం, పొగగొట్టం, డ్రైనేజీ లేకుండా కిలోలు మాత్రమే రాసిన వాషింగ్ మిషన్ టెండరు మీ ముందుకొస్తే, సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.