మెగాపిక్సెళ్లు కాదు, సెన్సర్ చూడాలి



తక్కువ ఖర్చులో ప్రయాణాలకు పనికొచ్చే కెమెరా గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. బరువు తక్కువుండాలన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. మెగాపిక్సెళ్లు, జూమ్ ఎక్కువున్నదే కొనమనడం దగ్గరే నాకు పేచీ.

చౌక కాంపాక్ట్ కెమెరాల్లో తరచూ కనిపించే 1/2.3 అంగుళాల సెన్సర్ కన్నా 1 అంగుళం రకం సెన్సర్ వైశాల్యం సుమారు 4 రెట్లు. ఎఫ్/3.5 లెన్సు కన్నా ఎఫ్/1.8 లెన్సు దాదాపు 4 రెట్ల వెలుతురును లోనికి రానిస్తుంది. లేపాక్షి ఆలయం పైకప్పు మీది వర్ణచిత్రాలో, బొర్రా గుహల లోపలి దృశ్యాలో తీసేటప్పుడు అక్కరకొచ్చేవి ఈ రెండే. ఆటపాకలో పెలికాన్ల కోసమైతే జూమ్ కావాలి, కాదనను. అదీ ఆప్టికల్ జూమ్ అయితేనే. డిజిటల్ జూమ్ అంటే ఫొటోలో ఒక ముక్క కత్తిరించి పెద్దది చేయడమే.

సెకండ్ హ్యాండ్ కెమెరాల ఊసే వ్యాసంలో లేదు. చేతిలో డబ్బు తక్కువున్నవారికి అసలైన దారి అది. కొనేముందు లెన్సులోకి టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూసుకోవాలి. తేమ ఎక్కువుండే తీర ప్రాంతాల్లో ఈ బెడద ఎక్కువ. అదనపు బ్యాటరీకి, మెమరీ కార్డుకి అయ్యే ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

పగటిపూట ఇంటిల్లిపాదీ కలిసి దిగే ఫొటోలే చాలనుకునేవారు అసలు కెమెరా కొననక్కర్లేదు. ఫోను సరిపోతుంది, ఆ డబ్బుతో ఇంకో ఊరు చూసి రావచ్చు.

– ఒక పాఠకురాలు, కాకినాడ