తాళపుచెవు లెవరి చేతిలో?

సొమ్ము దాచుకొనువానికి రెండు భయములు సహజము. ఒకటి దొంగ భయము. రెండవది కాపరి భయము. మొదటిదానిని తాళము తీర్చును. రెండవదానిని తీర్చగలిగినది చట్టమొక్కటే. తాళము లెన్ని పెంచినను కాపరి భయము తీరదనుట లోకానుభవము. ఈ సామాన్యసత్యమును మఱచినందువలననే నేటి గుప్తనాణెముల వ్యాపారము మాటిమాటికి బోర్లపడుచున్నది.

2009 జనవరిలో బిట్‌కాయిన్ అను నాణెము పుట్టినపుడు దాని పక్షమువారు లోకమునకు గొప్ప వాగ్దానము చేసిరి. ఇక బ్యాంకు అక్కఱలేదు, మధ్యవర్తి అక్కఱలేదు, ఒకే ఖాతాపుస్తకము లోకమందలి వేలకొలది యంత్రములలో నుండును, ఎవ్వడును దానిని తన యిచ్ఛవచ్చినట్లు దిద్దజాలడు, కావున ఎవ్వనిని నమ్మవలసిన పనిలేదనిరి. వాగ్దానము బాగుగనే యున్నది. కాని జరిగినదేమి? సామాన్యుడు ఆ పుస్తకము కడకు పోలేదు. ఎక్స్ఛేంజి యను కొట్టునకు పోయెను. అచట రూపాయలిచ్చి నాణెము కొనెను. కొన్న నాణెమును ఆ కొట్టులోనే దాచెను. తాళపుచెవి కొట్టువానిది, కొన్నవానికి దక్కినది ఖాతాలో నొక అంకె మాత్రమే.

ఇపుడా కొట్లవారు తమలో తాము సొమ్ము మార్చుకొనుటకై ప్రత్యేకమైన బాట నొకదానిని వేసికొనిరి. దానికి సైడ్‌చెయిన్, అనగా పక్కగొలుసు, అని పేరు. ఈ బాట యవసరమా? దీనికి కాపలాదారు లెవరు? వారు తప్పిన నెవరి యెదుట నిలువవలెను? ఇది వర్తకుల గొడవ యని మనము త్రోసివేయరాదు. ఆ బాటమీద నడచు బండ్లలోని సరకు ప్రజల సొమ్ము.

బాట యవసరమను మాట నిజమే. బిట్‌కాయిన్ ఖాతాపుస్తకమునకు క్రొత్త పుట చేరుటకు సగటున 10 నిమిషములు పట్టును. ఒక పుటలో పద్దు వ్రాయబడినంతమాత్రాన దానిని స్థిరమని నమ్మక, పెద్దమొత్తములకు 6 పుటలు గడచువఱకు ఆగుట వాడుకయైనది. అనగా గంటకాలము. ఆ గంటలో ధర మారును. ఒక కొట్టులో చౌకగా కొని వేఱొక కొట్టులో అమ్మదలచిన వర్తకుడు సొమ్ము చేరులోపల బేరము పోగొట్టుకొనును. అందుచే నతడు ప్రతి కొట్టులోను కొంత మూలధనమును ముందుగనే నిలువయుంచవలసి వచ్చును. సొమ్ము నిదురించును, పైగా ఎన్ని కొట్లలో నుంచిన అన్ని కొట్ల దివాలాభయమును తలకెత్తుకొనినట్లగును.

ఈ చిక్కును తీర్చుటకే పక్కగొలుసు ఆలోచన వచ్చినది. 2014లో ఆడం బ్యాక్ మొదలగువారు దీనిని వివరించు వ్యాసము ప్రకటించిరి. వారి సంస్థయైన బ్లాక్‌స్ట్రీమ్ 2015లో ఎక్స్ఛేంజీల కొఱకు లిక్విడ్ అను పక్కగొలుసును ప్రకటించి, 2018లో దానిని నడపుట కారంభించినది. దాని పద్ధతి యిది. అసలు బిట్‌కాయిన్‌ను ఒక ఉమ్మడి పెట్టెలో వేసి తాళము పెట్టుదురు. అది స్థిరపడుటకు 102 పుటలు, అనగా రమారమి 17 గంటలు, గడువవలెను. దానికి బదులుగా పక్కగొలుసుమీద అంతే మొత్తమునకు చీటి పుట్టును. ఆ చీటి చేతులు మారుటకు నిమిషమున కొక పుట. రెండు పుటలతో పద్దు స్థిరము. ఎంత మొత్తము చేతులు మారినదో పరులకు కనబడదు. ఆ ఉమ్మడి పెట్టెకు 15 తాళపుచెవులు. అందులో 11 కలసినగాని అది తెరవబడదు. చీటి నిచ్చి అసలు నాణెమును విడిపించుకొను అధికారము సభ్యసంస్థలది. సామాన్యుడు వారి ద్వారమునకే పోవలెను.

ఈ పద్ధతి మన పెద్దలకు క్రొత్తది కాదు. ఒక పట్టణమందలి సరాఫు వేఱొక పట్టణమందలి సరాఫుపేర హుండీ వ్రాసియిచ్చును. వెండి సంచులు దారులవెంట పోవు; కాగితము పోవును; లెక్కలు పిమ్మట తీరును. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము సయితము దేశభాషల హుండీలకు సంబంధించిన స్థానికాచారములను త్రోసిపుచ్చలేదు. కావున కొట్లవారు తమలో చీటీలు నడపుకొనుట నేరమని మేమనము. అది వర్తకలోకమునకు సహజమైన పని.

అయినను హుండీకిని దీనికిని ఒక భేదమున్నది. హుండీ వ్రాసిన సరాఫు పేరు దానిపై నుండెను. అతని కొట్టు ఫలానా వీధిలో నుండెను. హుండీ చెల్లనినాడు అతని గుమ్మమునకు పోవచ్చును, న్యాయస్థానమునకు ఈడ్వవచ్చును. పక్కగొలుసు చీటీకి పూచీపడువాడు పదునేను యంత్రముల సమూహము. ఆ యంత్రముల వెనుక మనుష్యులు లేకపోలేదు. కాని "నమ్మకముతో పనిలేని నాణెము" అను పాత వాగ్దానపు నీడలో ఆ మనుష్యులు మఱుగుపడుచున్నారు. మూలఖాతాకు నిజమైన మాట పక్కగొలుసునకు నిజముకాదు. ఇచట నమ్మకముతో నిండుగా పనియున్నది. నమ్మవలసినవారు వేలనుండి పదునేనుగురైరి, అంతియే మార్పు.

పదునేనుగురిలో పదునొకండుగురు ఒకేమారు దొంగలగుదురా యని పక్షమువా రడుగుదురు. ప్రశ్న చక్కనిది. జవాబు చరిత్రలో నున్నది. 2020 జూనులో లిక్విడ్‌నందే ఒక లోపము బయటపడినది. పెట్టె చాలకాలము తెరవబడక సొమ్ము చిక్కుపడునేమోయని అత్యవసరపు చెవులు మూడింటిని వేఱుగా నుంచిరి. వానిలో రెండు చాలును. కాలగణనయందలి పొరపాటువలన సుమారు 870 బిట్‌కాయిన్లు కొంతసేపు ఈ రెండు చెవులకే లోబడి యుండెను. సొమ్ము పోలేదు, సంస్థయు లోపము నొప్పుకొన్నది. ఐనను పదునొకండు తాళముల కోటకు రెండు తాళముల దిడ్డివాకిలి యొకటి యున్నదని అందఱికిని తెలిసినది ఆనాడే గదా!

రెండవ యుదాహరణము నష్టముతో ముగిసినది. రోనిన్ అను పక్కగొలుసు ఎక్స్ఛేంజీలది కాదు. ఒక ఆటల సంస్థ కొఱకు వేయబడినది. తాళముల యేర్పాటు మాత్రము ఇట్టిదే. 9 చెవులలో 5 కలసిన చాలును. ఆ తొమ్మిదింటిలో నాలుగు ఒక్క సంస్థచేతనే యుండెను. ఐదవదానితో చేవ్రాలు చేయుటకు ఆ సంస్థకు పూర్వ మెపుడో యిచ్చిన యనుమతి రద్దుకాక నిలిచియుండెను. 2022 మార్చిలో దొంగలు ఆ ఒక్క యింటిలో ప్రవేశించి, ఐదు చెవులను సంపాదించి, 60 కోట్ల డాలర్లకు పైగా విలువగల సొమ్మును తరలించుకొనిపోయిరి. దొంగతనము జరిగినట్లు కాపరులకు తెలిసినది ఆరుదినముల పిమ్మట! చెవుల సంఖ్య చూచి మురియరాదు. చేతుల సంఖ్య చూడవలెను.

మూడవ యుదాహరణము మన దేశమున జరిగినది. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అను ఎక్స్ఛేంజినుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు దొంగిలింపబడినవి. ఆ పెట్టెయు పలువురి చేవ్రాళ్లతోగాని తెరవబడనిదే. చేవ్రాలుదారులకు తెరపై కనబడిన దొకటి, వారు నిజముగ సంతకము చేసిన దింకొకటి యని సంస్థ చెప్పినది. పదిమంది పంచులు ఒకే దొంగకాగితమును చూచి వ్రేలిముద్ర వేసినచో పదిమంది యున్న ప్రయోజనమేమి? ఇంతకంటె మనస్సున నాటుకొనవలసిన విషయమింకొకటి. సొమ్ము పోగొట్టుకొన్నవారిలో భారతీయు లనేకులు. మన తెలుగు పట్టణముల యువకులు కూడ నట్టి కొట్లలో ఖాతాలు తెఱచినవారే. వారి బాకీల పరిష్కారపు ఏర్పాటు నడచినదో, సింగపూరు న్యాయస్థానమున! మాతృసంస్థ అచటిది యగుటచే నట్లయినది. ఇంటిముంగిట సొమ్ము దాచి, సముద్రము దాటి న్యాయమడుగవలసి వచ్చుట స్వతంత్రదేశపు పౌరునకు తగిన స్థితియేనా?

ఈ చీకటిలో నొక వెలుగు కనబడినది. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు, ఈ సంస్థతోనే వివాదపడిన ఒక ఖాతాదారుని వ్యాజ్యమున, గుప్తనాణెము ఆస్తియే యనియు, అమానతుగ నుంచదగినదే యనియు పలికినది. 2020లోనే న్యూజీలాండు హైకోర్టు క్రిప్టోపియా యను మునిగిన కొట్టు విషయమున ఖాతాదారుల నాణెములు అమానతు సొమ్మేయని తేల్చియున్నది. న్యాయవాదవృత్తిలో నున్నవారికి ఈ మాటల బరువు తెలియును. 1882 నాటి ట్రస్టుల చట్టము ప్రకారము అమానతుదారుడు పరుల సొమ్మును తన సొమ్ముతో కలుపరాదు. లెక్క చూపుమన్న చూపవలెను. తన యుపేక్షవలన నష్టము కలిగిన నిచ్చుకొనవలెను. కొట్టువానికి ఈ ధర్మము వర్తించునపుడు, కొట్టువాడు ఖాతాదారుని నాణెమును పక్కగొలుసు పెట్టెలో వేసి చీటి పుచ్చుకొన్న తరువాత ఆ పెట్టె కాపరులకు వర్తింపకుండునా? ధర్మము సరకుతోకూడ నడవవలెను; గుమ్మముకడ నాగిపోరాదు.

మన ప్రభుత్వ మేమిచేసినది? 2018లో రిజర్వు బ్యాంకు ఈ కొట్లకు బ్యాంకుల సేవ లందకుండ ఉత్తరువు చేసినది. 2020 మార్చి 4వ తేదీన సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. 2022లో లాభముపై 30 శాతము పన్నును, ప్రతి అమ్మకముపై మూలమున 1 శాతము కోతయు వచ్చినవి. 2023 మార్చిలో ఈ కొట్లు నల్లధన నిరోధక చట్టము క్రిందికి చేర్చబడినవి. పన్ను వసూలు చేయు చట్టము గుఱ్ఱమెక్కి వచ్చినది; ఖాతాదారుని రక్షించు చట్టము కాలినడకన కూడ బయలుదేరలేదు. సుంకము పుచ్చుకొను రాజు బాటకు కావలి పెట్టవలదా?

కొందఱు నిషేధమే మందనుచున్నారు. అది సులభమైన మాట. నిషేధించిన కొట్టు మూతపడదు, దేశాంతరము పోవును. దానివెంట మనవాని సొమ్మును పోవును. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ కూలి వేలకొలది కుటుంబములు దిక్కులేనివైనపుడు మన పెద్దలు బ్యాంకులే వలదనలేదు. న్యాయవాదియైన వి. కృష్ణస్వామి అయ్యరు మొదలగువారు 1907లో ఇండియన్ బ్యాంకును నెలకొల్పిరి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020లో నా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలసిపోయినను, దాని పుట్టుకలోని బుద్ధి నశింపదు. సొమ్ము కాచువాడు మన కంటికి కనబడవలెను, మన న్యాయస్థానమునకు లోబడవలెను అనునదే యా బుద్ధి.

కావున మేము కోరునది నాలుగు నియమములు. మొదటిది: భారతీయుల సొమ్మును మోయు పక్కగొలుసుకు చెవులు పట్టినవారి పేర్లు ప్రకటింపబడవలెను. దొంగల భయమున చెవి యున్న చోటు దాచవచ్చును. పట్టినవాని పేరు దాచరాదు. రెండవది: ఒక యజమాని క్రిందనున్న సంస్థలకన్నిటికిని కలిపి ఒక్క చెవియే యుండవలెను. 2022 నవంబరులో కూలిన ఎఫ్‌టీఎక్స్ ఖాతాదారుల సొమ్మును తన సోదరసంస్థకు మళ్లించిన సంగతి లోకమెఱుగును. మూడవది: పెట్టెలో నెంత నాణెమున్నదో, బయట నెన్ని చీటీలున్నవో ఇపుడును సరిపోల్చి చూడవచ్చును, అది ఈ పద్ధతికి గల గుణము. కాని ఒక్కొక్క కొట్టు తన ఖాతాదారులకెంత బాకీపడినదో అందు కనబడదు. ఆ లెక్కను స్వతంత్రులైన ఆడిటర్లు తనిఖీచేసి ప్రకటింపవలెను. నాల్గవది: ఖాతాదారుని నాణెము చీటిగా మారినపుడు అతనికి తెలుపవలెను, నష్టము వచ్చిన నతడు తన జిల్లా న్యాయస్థానముననే దావా వేయగలుగవలెను.

ఈ నియమములవలన వేగము చెడునని వర్తకు లనవచ్చును. రెండు నిమిషములలో సొమ్ము చేర్చగలవారు ఒక్కదినములో తమ పేరు చెప్పలేరా?

చట్టము వచ్చువఱకు పౌరునకు గల యాయుధము ప్రశ్న. పఠనాలయమున కూర్చుండి పత్రిక చదువు ప్రతి గృహస్థుడు తన కుమారునో, తమ్మునినో అడుగవలెను: నీ నాణెము నీ చెవి క్రింద నున్నదా, కొట్టువాని చెవి క్రిందనా, కొట్టువాడు పెట్టిన మఱియొక పెట్టెలోనా? ఆ పెట్టె యే దేశపు న్యాయమునకు లోబడును? జవాబు దొరకిననాడు సొమ్ము నుంచవచ్చును. జవాబు దొరకనినాడు దానిని నేడే వెనుకకు తెచ్చుకొనుట మేలు.